ఆ బండి ఎక్కడికి పోతున్నది?

ఇల్లు కట్టుకునే మనిషి వాస్తు సిద్ధాంతిని పిలిచి సింహద్వారం ఎటు ఉండాలో అడుగుతాడు. వంటిల్లు ఆగ్నేయంలో పడిందా లేదా చూసుకుంటాడు. సెప్టిక్ ట్యాంకు ఈశాన్యం వైపు జరగకుండా వాయవ్యంలోనే ఉండేటట్టు కొలతలు వేయించుకుంటాడు. ట్యాంకు ఏ మూల ఉండాలో ఇంత పట్టింపు ఉన్న మనకు, అది నిండిన తరువాత అందులోది ఏ మూలకు పోతున్నదో అన్న పట్టింపు మాత్రం లేదు. ఫోన్ చేస్తే బండి వస్తుంది. గొట్టం వేస్తారు. మోటారు అరగంట మోగుతుంది. ఇంటిల్లిపాదీ ముక్కు మూసుకుని తలుపులు వేసుకుంటారు. డబ్బులు చేతిలో పడగానే బండి వీధి మలుపు తిరుగుతుంది. అంతటితో మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం.

ఆ బండి ఎక్కడికి పోతున్నది?

కవితలూ, కథలూ, క్రీడా నివేదికలూ ఉండే ఈ సంచికలో ఈ కంపు దేనికయ్యా అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. అనుకోనీయండి. చదువుకున్నవాళ్ళు మాట్లాడటానికి సిగ్గుపడే విషయాలన్నీ చివరకు చదువు లేనివాళ్ళ నెత్తిన పడటం మన దేశంలో ఆనవాయితీ. దీని సంగతీ అంతే. ఈ సిగ్గు ఖరీదు మనుషుల ప్రాణాలు. అందుకే ఈ వ్యాసం.

హైదరాబాదు నగరానికి భూగర్భ డ్రైనేజీ వచ్చిన కథ చాలామందికి తెలిసినదే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన జలాశయాలు కట్టమని సలహా ఇచ్చి ఊరుకోలేదు. నగరానికి సరైన డ్రైనేజీ కూడా కావాలన్నారు. 1931లో మొదలైన ఆ మురుగు వ్యవస్థను 54 చదరపు కిలోమీటర్ల నగరానికి, 4 లక్షల 68 వేల జనాభాకు సరిపోయేటట్టు వేశారు. ఆనాటికి అది ముందుచూపు ఉన్న పనే. తరువాత నగరం పెరిగింది. 2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేసేనాటికి విస్తీర్ణం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. ఇళ్ళు ముందు వచ్చాయి, రోడ్లు తరువాత వచ్చాయి, నీళ్ళు ఆ తరువాత వచ్చాయి, డ్రైనేజీ అన్నిటికన్నా చివర వచ్చింది. కొన్నిచోట్ల ఇప్పటికీ రాలేదు. అలా రానిచోట ఇంటికొక సెప్టిక్ ట్యాంకు వెలిసింది. మన రాష్ట్రాలలోని చిన్న పట్టణాల సంగతి చెప్పనే అక్కరలేదు. అక్కడ అసలు ఆధారమే సెప్టిక్ ట్యాంకు.

సెప్టిక్ ట్యాంకు అంటే మలాన్ని మాయం చేసే మంత్రపు పెట్టె అని మనవాళ్ళకు ఒక నమ్మకం ఉన్నది. అది ఒట్టి అపోహ. బరువైనది అడుగున పేరుకుంటుంది, తేలికైనది పైన తెట్టు కడుతుంది, మధ్యనున్న నీరు బయటికి పోతుంది. గాలి సోకని ఆ చీకట్లో సూక్ష్మజీవులు కొంత భాగాన్ని జీర్ణం చేస్తాయి. మిగిలినది మడ్డిగా అడుగున ఉండిపోతుంది. ఆ మడ్డిని రెండు మూడేళ్ళకొకసారి తీయించాలి. తీయించకపోతే ట్యాంకు ట్యాంకుగా పనిచేయదు. వచ్చినది వచ్చినట్టే బయటికి తోస్తుంది. మనమేం చేస్తాం? పదేళ్ళయినా మూత తీయము. బాత్‌రూములోకి ఎదురు తన్నిన రోజున మాత్రం ఎక్కడలేని తొందర వస్తుంది. "ఎంతయినా సరే, అర్జంటుగా రావాలి" అని బండివాడికి ఫోన్. అప్పుడు వచ్చే బండి ఎవరిది, దానికి లైసెన్సు ఉన్నదా, తీసుకుపోయి ఎక్కడ పోస్తాడు, ఇవన్నీ అడిగే ఓపిక ఎవరికుంటుంది?

బండివాడికి మూడు దారులున్నాయి. మొదటిది మురుగు శుద్ధి కేంద్రం. రెండవది చెరువో, నాలానో, ఊరి బయట ఖాళీ జాగానో. మూడవది దారిలో కనిపించిన మ్యాన్‌హోల్. రాత్రి పదకొండు దాటిన తరువాత మూత పక్కకు జరిపి గొట్టం వదిలితే పది నిమిషాలలో పని అయిపోతుంది. ఈ మూడవ దారిని గురించే ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. ఎందుకంటే దీన్ని తప్పు అని ఒప్పుకునేవాళ్ళు కూడా తక్కువే. "చెరువులో పోస్తే తప్పు గాని, డ్రైనేజీలో పోస్తే తప్పేముందండీ? ఇదీ అదే, అదీ అదే కదా!" అంటారు.

ఇదీ అదీ ఒకటి కాదు. చిన్న లెక్క చూద్దాం. మురుగులో ఎంత మాలిన్యం ఉన్నదో కొలవడానికి ఇంజనీర్లు బి.ఓ.డి. అనే కొలమానం వాడతారు. ఆ మాలిన్యాన్ని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే లెక్క అది. ఇళ్ళనుంచి పైపులలో వచ్చే మామూలు మురుగులో లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు మడ్డిలో అది వేలలో ఉంటుంది. లీటరుకు 6,000 అనుకుంటే, 5,000 లీటర్ల బండిలో 30 కిలోలు. ఒక మనిషి రోజుకు 45 గ్రాముల చొప్పున వేసుకుంటే, సుమారు 650 మంది ఒక రోజంతా విడిచే మాలిన్యం పది నిమిషాలలో ఒక్క మ్యాన్‌హోల్‌లోకి దిగుతున్నదన్నమాట. కాలనీ వీధి కింద ఉండే పైపు ఎంత? ఆరంగుళాలో ఎనిమిదంగుళాలో. అర్ధరాత్రి అందులో నీరు ఎంత పారుతుంది? అడుగు తడిసేంత. మడ్డి, ఇసుక, గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు, ట్యాంకులో ఇన్నేళ్ళుగా పడ్డ సమస్తం ఆ పైపులోనే కూర్చుంటుంది. నీటికి తోసుకుపోయే వేగం లేనిచోట మడ్డి కదలదు. రెండు రోజులు తిరక్కుండానే ఆ వీధిలో మురుగు పైకి పొంగుతుంది.

ఇంకొక సంగతి. ఇంటి నుంచి అప్పుడే వచ్చిన మురుగు వేరు, ఏళ్ళ తరబడి గాలి లేకుండా కుళ్ళిన మడ్డి వేరు. ఈ మడ్డిలో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారై ఉంటుంది. ఆ వాయువు పైపు పైభాగాన చేరి, అక్కడి తేమలో సూక్ష్మజీవుల వల్ల గంధకామ్లంగా మారి, సిమెంటును తినేస్తుంది. రోడ్డు ఉన్నట్టుండి కుంగి గొయ్యి పడిందని పేపర్లో చదువుతుంటాం. దాని వెనుక ఇలాంటి కారణం కూడా ఉండవచ్చు. పైపు పోతే డబ్బు పోతుంది. ఆ వాయువే మనిషికి తగిలితే ప్రాణం పోతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. "ఇప్పుడు వాసన లేదు, దిగొచ్చు" అనుకున్న మనిషి రెండు శ్వాసలలో కుప్పకూలుతాడు. అతన్ని లాగబోయి దిగినవాడూ అక్కడే పడిపోతాడు.

ఇప్పుడు ఈ రెండు సంగతులనూ కలిపి చూడండి. రాత్రి ఒక బండి మ్యాన్‌హోల్‌లో మడ్డి పోసింది. పైపు పూడింది. మర్నాడు ఫిర్యాదులు వెళ్ళాయి. కాంట్రాక్టరు ఒక మనిషిని పంపాడు. ఏ మడ్డి అతని దారికి అడ్డం పడిందో ఆ మడ్డే అతని ఊపిరి తీసే వాయువును కూడా తెచ్చిపెట్టింది. నింపినది మనం, దిగినది అతను. ఈ మధ్యలో ఉన్నది ఎవరూ నడపని ఒక వ్యవస్థ.

చట్టం లేదా అంటే, ఉన్నది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. అది చాలదని 2013లో మరొకటి వచ్చింది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి గాని సెప్టిక్ ట్యాంకులోకి గాని దింపితే, మొదటి తప్పుకే రెండేళ్ళ జైలుశిక్షో, రెండు లక్షల జరిమానానో, రెండూనో వేయవచ్చునని ఆ చట్టం చెబుతున్నది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో మరొక తీర్పులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగువాడు; పాకీ పని చేసిన కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆయనకు అండగా నిలిచిన పెద్దమనిషి ఎస్.ఆర్. శంకరన్ గారు మన రాష్ట్రంలో కలెక్టరుగా, కార్యదర్శిగా పనిచేసిన ఐ.ఏ.ఎస్. అధికారి. ఈ ఇద్దరి పేర్లూ మన పాఠ్యపుస్తకాలలో ఉండవలసినవి.

చట్టం ఉన్నది గాని చావులు ఆగలేదు. 2016 మేడే నాడు, కార్మికుల పండుగ నాడే, మన నగరంలో సుల్తాన్ బజారు మ్యాన్‌హోల్‌లో కార్మికులు చనిపోయారు. అదే సంవత్సరం ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీ దగ్గర ఒకే మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. 2019 నుంచి 2023 వరకు అయిదేళ్ళలో దేశం మొత్తంమీద మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఆ 377 మందిలో మన కులాలవాళ్ళు ఎంతమంది, ఇంజనీరింగు చదివినవాళ్ళు ఎంతమంది అని అడగనక్కరలేదు. జవాబు మనకు తెలుసు.

అధికారులు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందులలోకి వెళ్ళగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను పనిలోకి దింపింది. వాటిని దళిత పారిశ్రామికవేత్తల సంఘం తోడ్పాటుతో దళిత యువకులే యజమానులుగా నడిపే పద్ధతి పెట్టింది. తాతతండ్రులు చేతులతో చేసిన పనిని మనుమడు యంత్రానికి యజమానిగా చేయించడం చిన్న మార్పు కాదు. తరువాత ఢిల్లీ కూడా ఆ బాట పట్టింది. ఇక మడ్డి విషయానికి వస్తే, 2016లో వరంగల్ నగరపాలక సంస్థ దేశంలోనే ముందుగా దీనికోసం ప్రత్యేక నిబంధనలు చేసింది. బండ్లవాళ్ళకు లైసెన్సులు ఇచ్చి, మడ్డిని శుద్ధిచేసే కేంద్రాన్ని కూడా ఏర్పాటు చేసుకున్నది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ విధానాన్ని ప్రకటించింది. హైదరాబాదులో కొన్ని శుద్ధి కేంద్రాల దగ్గర బండ్లు దించుకునే ఏర్పాటు ఉన్నది.

మరి లోపం ఎక్కడ? నా ఉద్దేశంలో లోపం మన నియంత్రణకున్న స్వభావంలోనే ఉన్నది. మనకు నియంత్రణ అంటే నిషేధం, నిషేధం అంటే జరిమానా. "మ్యాన్‌హోల్‌లో పోయరాదు" అని బోర్డు పెడతాం. దొరికిన బండిని సీజ్ చేస్తాం. పేపర్లో ఫొటో వేయిస్తాం. మరి ఎక్కడ పొయ్యాలి? డ్రైవరును అడిగి చూడండి. "ఏడ పొయ్యమంటరు సార్? జాగ చూపెట్టుండ్రి, ఆడనే పోస్త" అంటాడు. ఈ జవాబులో తెగింపు లేదు, న్యాయం ఉన్నది.

అతని లెక్క మనమే వేసి చూద్దాం. ఒక ట్రిప్పుకు అన్ని ఖర్చులూ పోను వెయ్యి రూపాయలు మిగులుతుందనుకోండి. శుద్ధి కేంద్రం 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. వెళ్ళి రావడానికి 40 కిలోమీటర్లు, లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున పది లీటర్ల డీజిలు. నేటి ధరలలో ఆ వెయ్యికి దాదాపు అక్కడే చెల్లు. ట్రాఫిక్కులో రెండు మూడు గంటలు పోతే ఇంకొక ట్రిప్పు కూడా పోయినట్టే. గేటు దగ్గర ఫీజు కట్టమంటే అప్పు మిగులుతుంది. కేంద్రం సాయంత్రం మూసేస్తే రాత్రి తీసిన బండి పొద్దుటిదాకా నిండుగా నిలబడాలి. అంటే నిజాయితీగా నడిచే డ్రైవరు నష్టపోతాడు, మ్యాన్‌హోల్ వెతుక్కున్నవాడు బాగుపడతాడు. తప్పు చేసినవాడికి లాభం, ఒప్పు చేసినవాడికి నష్టం వచ్చేటట్టు ఏర్పాట్లు చేసి, పైన జరిమానా బోర్డు తగిలిస్తే ఏం ప్రయోజనం? పగలు జరిగేది రాత్రికి మారుతుంది, మెయిన్ రోడ్డు మీద జరిగేది సందులోకి మారుతుంది. జరిమానా పెంచినకొద్దీ పూడేది ఇంకా లోపలి సందులోని ఇంకా సన్నని పైపు. దిగవలసిన మనిషికి ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందుచేత ముందు కావలసింది బండి మడ్డి దించుకోవడానికి ఒక తలుపు. బండిని నగరపు మురుగు వ్యవస్థలోకి రానీయాలి గాని, దొంగదారిన కాకుండా రాజమార్గాన రానీయాలి. దీనికి శాస్త్రం కూడా అనుకూలంగానే ఉన్నది. అంబర్‌పేట శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు. లీటరుకు 250 మిల్లీగ్రాముల లెక్కన దానికి వచ్చే మాలిన్యం రోజుకు దాదాపు 85 టన్నులు. ఇందాకటి లెక్క ప్రకారం వంద బండ్లు తెచ్చేది మూడు టన్నులు. నూటికి నాలుగు పాళ్ళు కూడా లేదు. మడ్డి తీసి ఆరబెట్టే ఏర్పాట్లు కాస్త పెంచుకోవాలి గాని, అంత పెద్ద కేంద్రం ఆ బరువును రోజంతా సర్ది మోయగలదు. కాలనీ పైపును ఒక్క బండి చంపుతుంది, పెద్ద కేంద్రం వంద బండ్లను భరిస్తుంది. మడ్డి అదే, బండి అదే, డ్రైవరు అతనే. తేడా అంతా పోసిన చోటులో, పోసిన పద్ధతిలో ఉన్నది. అన్ని కేంద్రాలూ ఇంత పెద్దవి కావు కనుక ఏ కేంద్రం రోజుకు ఎన్ని బండ్లు భరించగలదో లెక్కవేసి బోర్డు మీద రాయాలి. పెద్ద ట్రంకు లైన్ల మీద, నీరు ఎప్పుడూ నిండుగా పారేచోట, కొన్ని స్వీకరణ కేంద్రాలు కూడా కట్టవచ్చు. అక్కడ చెత్తను ఆపే జల్లెడ ఉండాలి, ఇసుక దిగే తొట్టి ఉండాలి, మడ్డిని ఒక ట్యాంకులో నిలిపి కొద్దికొద్దిగా లైనులోకి వదిలే ఏర్పాటు ఉండాలి. ఏ మూల నుంచైనా బండి అరగంటలో చేరుకునేటట్టు ఇవి ఉండాలి. రాత్రింబగళ్ళు తెరిచి ఉండాలి.

ఇక డబ్బు సంగతి. గేటు దగ్గర డ్రైవరు చేత ఫీజు కట్టించడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. గేటు దాకా వచ్చినవాడికి దండన, రానివాడికి మినహాయింపు! నన్నడిగితే గేటు దగ్గర ఫీజు ఉండకూడదు సరికదా, దించినట్టు రశీదు తెచ్చిన బండికి కొంత సొమ్ము ముట్టజెప్పాలి. ఆ డబ్బు ఇంటిపన్నుతో పాటు ట్యాంకు ఉన్న ప్రతి ఇంటి నుంచీ సంవత్సరానికి కొంతగా వసూలు చేయాలి. మూడేళ్ళకొకసారి నగరపాలక సంస్థే వంతుల ప్రకారం బండి పంపాలి. ఇది గాలిలో మేడ కాదు. మహారాష్ట్రలో సతారా జిల్లాలోని వాయి అనే చిన్న పట్టణం 2018 నుంచి ఈ వంతుల పద్ధతిని నడుపుతున్నది. ప్రజలు పారిశుధ్య పన్ను కడతారు, ట్యాంకు నిండినా నిండకపోయినా మూడేళ్ళకు ఒకసారి బండి వస్తుంది. అంత చిన్న ఊరు చేయగలిగినది మన నగరాలు చేయలేవంటే నమ్మడం కష్టం.

లైసెన్సు, రశీదు, తనిఖీ, జరిమానా ఆ తరువాతి మాట. ప్రతి ట్రిప్పుకూ మూడు కాపీల రశీదు ఉండాలి. ఒకటి ఇంటివాడికి, ఒకటి బండివాడికి, ఒకటి కేంద్రానికి. ఇంటివాడి కాపీ మీద కేంద్రం ముద్ర పడి తిరిగి వస్తేనే బండివాడికి పూర్తి డబ్బు ముట్టాలి. అప్పుడు ఆ బండి ఎక్కడికి పోతున్నదో ఇంటివాడికి తెలిసి తీరుతుంది. తెలియదనే సాకు ఇక చెల్లదు. తలుపు తెరిచిన తరువాత కూడా మ్యాన్‌హోల్‌లో పోసినవాడి మీద మాత్రం కనికరం అక్కరలేదు. అతని లైసెన్సు రద్దు చేయవలసిందే. అలాగే, సెప్టిక్ బండి ముసుగులో ఫ్యాక్టరీ రసాయనాలు వచ్చే ప్రమాదం ఉన్నది. అవి శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులను చంపి, కేంద్రాన్నే పడకేయిస్తాయి. కనుక దించేముందు ఆమ్లమా క్షారమా చూసే చిన్న పరీక్ష ప్రతి బండికీ ఉండాలి. మన కెమిస్ట్రీ మొదటి సంవత్సరం కుర్రవాడు చేయగలిగిన పరీక్షే అది.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది: "కొత్త పన్నా? బస్తీలోని పేదవాడు ఎక్కడ కడతాడు?" నిజమే, కట్టలేడు. అందుకే పన్ను ఇంటి విస్తీర్ణాన్ని బట్టి ఉండాలి. చిన్న ఇళ్ళకు ఉచితంగా చేయాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటో కూడా చూడండి. పేదవాడు ట్యాంకు నిండిన రోజున బండివాడు అడిగినంత ఒక్కసారిగా ఇచ్చుకుంటున్నాడు. ఇవ్వలేనివాడు తానే మూత తీసి బకెట్టుతో తోడుతున్నాడు, లేదా రెండు వందలకు ఇంకొక పేదవాడిని దింపుతున్నాడు. ఉచితం అని మనం అనుకుంటున్నది అసలు ఉచితం కాదు.

రెండవది: "అన్నిచోట్లా డ్రైనేజీ వేస్తే ఈ గొడవే ఉండదు కదా!" అనడం సులభం. 2021లో ప్రభుత్వం హైదరాబాదుకు 31 కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరు చేసింది. వాటి అంచనా రూ. 3,866 కోట్లు. అది మంచి పనే, మెచ్చుకోవలసిందే. కాని శుద్ధి కేంద్రం కట్టినంత మాత్రాన వీధిలో పైపు పడదు, వీధిలో పైపు పడినంత మాత్రాన ఇంటికి కనెక్షను రాదు. నగరం ఒక పక్క పైపులు వేసుకుంటూ పోతుంటే ఇంకొక పక్క కొత్త కాలనీలు మొలుస్తూనే ఉంటాయి. కనుక రేపటి పైపు పేరు చెప్పి నేటి బండిని గాలికి వదిలేయడం కుదరదు. పైపు వచ్చేదాకా బండే పైపు. చక్రాల మీద నడిచే ఆ పైపుకు కూడా ఒక గమ్యం చూపించాలి.

చివరిగా మనలను గురించి నాలుగు మాటలు. విశ్వవిద్యాలయ కళాశాలలు కూడా ఒక చిన్న ఊరే. హాస్టళ్ళు, మెస్సులు, క్వార్టర్లు, ఆఫీసులు. వీటిలో ఏది డ్రైనేజీకి కలిసి ఉన్నది, ఏది సెప్టిక్ ట్యాంకు మీద నడుస్తున్నది, ఏ ట్యాంకు ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు, తీసినది ఎక్కడ పోశారు? మన కళాశాలలో ఈ ప్రశ్నలకు ఒక్క కాగితం మీద జవాబు దొరికితే సంతోషించేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మెస్సు బిల్లులో పది రూపాయల తేడా వస్తే ధర్నా చేస్తాం. అది మన హక్కే. కాని మన హాస్టలు ట్యాంకులోకి ఎవరైనా దిగుతున్నారా అన్న ప్రశ్న మీద కూడా ఒక మెమోరాండం ఇవ్వాలా వద్దా?

విద్యార్థి సంఘం తలుచుకుంటే పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పనులున్నాయి. సివిల్ ఇంజనీరింగు మిత్రులు క్యాంపసులోని ట్యాంకులన్నిటికీ పటం గీయవచ్చు. స్టాటిస్టిక్స్, సోషియాలజీ విద్యార్థులు పక్క వార్డులో ఇంటింటికీ తిరిగి ఏ ట్యాంకు ఎన్నేళ్ళకు తీస్తున్నారో లెక్క తీయవచ్చు. లా విద్యార్థులు 2013 చట్టాన్ని తేలిక తెలుగులో నాలుగు పేజీల కరపత్రంగా వేసి అపార్టుమెంటు సంఘాలకు పంచవచ్చు. మనిషిని దింపితే జైలుకు పోయేది కాంట్రాక్టరు ఒక్కడే కాదు, దింపించినవాడూ పోవచ్చునని తెలిస్తే చాలామంది చేయి వెనక్కి తీస్తారు. అధ్యాపకులు ఈ లెక్కలను సరిదిద్ది కార్పొరేషను ముందు పెట్టవచ్చు. పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లుగా, కమిషనర్లుగా ఉన్నవారు ఎందరో ఉన్నారు. ఈ సంచిక వారి బల్లమీదికి కూడా వెళుతుంది. వారిని మేము కోరేది సన్మాన సభలో ఉపన్యాసం కాదు, నగరపు నాలుగు దిక్కులా రాత్రి పూట తెరిచి ఉండే నాలుగు గేట్లు.

ఈలోగా మొదటి పని మన చేతిలోనే ఉన్నది. క్యాంపసులోకి ఇకమీదట ఏ సెప్టిక్ బండి వచ్చినా, దాని నంబరు, తేదీ, ఎక్కడ దించిందో తెలిపే రశీదు వార్డెను ఆఫీసులో ఒక రిజిస్టరులో ఉండాలి. ఆ రశీదు లేకపోతే బిల్లు చెల్లించకూడదు. సంఘం కార్యదర్శి నెలకొకసారి ఆ రిజిస్టరు చూసి సంతకం పెట్టాలి. ఈ తీర్మానాన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టమని సంఘాన్ని కోరుతున్నాను. పేజీ గీతలు గీసిన ఒక నోటుబుక్కు చాలు; దాని ఖరీదు నలభై రూపాయలు.